మరో దేశం జెర్సీ వేసుకోవాలంటే: పాస్‌పోర్ట్ కన్నా ముందు తేదీలు చూసుకోండి

పౌరసత్వం ఇచ్చేది ప్రభుత్వం. ఆడే అర్హత ఇచ్చేది ఆ క్రీడను నడిపే అంతర్జాతీయ సంఘం. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే చాలా కేసులు చెడిపోతాయి.

పరాగ్వేలో పుట్టిన నెల్సన్ కాబ్రెరా బొలీవియా పౌరసత్వం తీసుకుని, 2016లో ప్రపంచకప్ క్వాలిఫైయింగ్ మ్యాచుల్లో పెరూ మీద, చిలీ మీద సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. పాస్‌పోర్ట్ అసలుదే, కానీ ఫిఫా అడిగే ఐదేళ్ల నివాసం అతనికి లేదు. దాంతో బొలీవియా 2-0తో పెరూపై గెలిచిన మ్యాచ్, చిలీతో 0-0గా ముగిసిన మ్యాచ్ రెండూ 0-3 ఓటములుగా మారాయి. ఫిర్యాదు చేసిన చిలీకి రెండు పాయింట్లు పెరిగితే, ఊరికే కూర్చున్న పెరూకి మూడు పెరిగాయి. చివరికి రెండు జట్లూ 26 పాయింట్లతో సమానంగా నిలిచి, గోల్ తేడాతో పెరూ ముందుకెళ్లింది. 36 ఏళ్ల తర్వాత ప్రపంచకప్ కూడా ఆడింది. ఒక్క ఆటగాడి నివాసం లెక్క చూసుకోకపోతే ఇంత దూరం వస్తుంది.

కాబట్టి లాయరు దగ్గరికో, రాయబార కార్యాలయానికో పరుగెత్తే ముందు ఈ పనులు ఇదే వరుసలో చేయండి.

1. మీ ఆట చరిత్రను తేదీలతో రాసుకోండి

ఒక షీట్ తీసుకుని, మీరు దేశం తరఫున పాల్గొన్న ప్రతి పోటీకీ ఒక వరుస కేటాయించండి. తేదీ, పోటీ పేరు, స్థాయి (అండర్-17, అండర్-20, సీనియర్), అది అధికారిక పోటీయా ఫ్రెండ్లీయా, మీరు నిజంగా మైదానంలోకి దిగారా లేక బెంచ్ మీదే ఉన్నారా, ఆ రోజు మీకు ఏ ఏ దేశాల పౌరసత్వం ఉంది, ఆ రోజు మీ వయసెంత: ఈ ఏడు గడులూ ఉండాలి.

చివరి మూడు గడులను చాలామంది వదిలేస్తారు. ఫుట్‌బాల్‌లో ఫైసలా అయ్యేది వాటి మీదే. జట్టు జాబితాలో పేరుండి బెంచ్ మీద కూర్చుంటే ఆడినట్టు కాదు. 89వ నిమిషంలో దిగినా ఆడినట్టే. జ్ఞాపకం మీద ఆధారపడొద్దు. మ్యాచ్ రిపోర్టుల నకళ్లు ఫెడరేషన్ నుంచి తెప్పించుకోండి. పదిహేనేళ్ల వయసులో ఆడిన ఏదో టోర్నీ ఫ్రెండ్లీ అనుకుంటే, అది అధికారిక క్వాలిఫైయర్ అని దరఖాస్తు పెట్టాక బయటపడటం మామూలే.

2. మీ క్రీడ నిబంధనలు చదవండి, పక్క క్రీడవి కాదు

అన్ని క్రీడలకూ వర్తించే ఒకే చట్టం లేదు. స్నేహితుడికి రగ్బీలో కుదిరిందని మీకు బాస్కెట్‌బాల్‌లో కుదరదు.

ఫుట్‌బాల్: కొత్త పౌరసత్వంతో ఆడాలంటే ఆ దేశంతో ఏదో ఒక సంబంధం చూపాలి. మీరు అక్కడ పుట్టి ఉండాలి, లేదా మీ కన్న తల్లి గానీ తండ్రి గానీ, తాత అవ్వల్లో ఒకరు గానీ అక్కడ పుట్టి ఉండాలి, లేదా మీరు అక్కడ నివసించి ఉండాలి. నివాసమే ఆధారమైతే, పదేళ్ల లోపు వెళ్లినవాళ్లకు కనీసం మూడేళ్లు, ఆ తర్వాత వెళ్లినవాళ్లకు ఐదేళ్లు కావాలి. పది నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య వెళ్లినవాళ్లు, జాతీయ జట్టులో చోటు కోసం వెళ్లలేదని కూడా చూపించాలి.

ఇప్పటికే ఒక దేశానికి సీనియర్ జట్టులో అధికారిక మ్యాచ్ ఆడినవాళ్లకు 2020 సెప్టెంబరులో ఫిఫా ఒక కిటికీ తెరిచింది. ఆడిన సీనియర్ మ్యాచ్‌లు మూడుకి మించకూడదు, ఆఖరిది ఆడేనాటికి 21 నిండి ఉండకూడదు, అది జరిగి మూడేళ్లు దాటాలి, ప్రపంచకప్ గానీ ఖండ స్థాయి కప్ గానీ ఫైనల్ టోర్నీలో ఆడి ఉండకూడదు. వీటన్నిటితో పాటు, పాత దేశానికి మొదటి అధికారిక మ్యాచ్ ఆడిన రోజుకే కొత్త దేశ పౌరసత్వం మీ దగ్గర ఉండాలి. ఈ ఆఖరి షరతు దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు. మునీర్ ఎల్ హద్దాదీ 2014లో స్పెయిన్ తరఫున ఒకే ఒక్క అధికారిక మ్యాచ్‌లో, అదీ కాసేపే ఆడాడు. ఆ కాసేపు అతన్ని ఏళ్ల తరబడి మొరాకోకి దూరం చేసింది. నిబంధన మారాకే, 2021లో మొరాకో తరఫున దిగగలిగాడు. డెక్లాన్ రైస్ మాత్రం 2018లో ఐర్లాండ్ సీనియర్ జట్టుకు మూడు మ్యాచ్‌లాడినా, మూడూ ఫ్రెండ్లీలే కావడంతో 2019 మార్చిలో ఇంగ్లండ్ జెర్సీ వేసుకున్నాడు.

రగ్బీ: పుట్టుక, తల్లిదండ్రులు, తాత అవ్వలు, లేదా 60 నెలల నివాసం. 2022కి ముందు ఇది 36 నెలలే. పాత వ్యాసాల్లో ఆ అంకె కనిపిస్తే పట్టించుకోకండి. ఒక దేశానికి ఆడేసినవాళ్లు మూడేళ్లు ఖాళీగా ఉండి, తాము పుట్టిన దేశానికో, తల్లిదండ్రులో తాత అవ్వలో పుట్టిన దేశానికో ఒకే ఒక్కసారి మారవచ్చు. ఆస్ట్రేలియాకి ఆడిన ఇజ్రాయెల్ ఫొలావు టోంగాకి వెళ్లింది ఈ దారిలోనే.

క్రికెట్: పుట్టుక, పౌరసత్వం, మూడేళ్ల నివాసం, ఈ మూడింటిలో ఒకటి చాలు. ఫుల్ మెంబర్ (టెస్టు హోదా ఉన్న) దేశానికి ఆడినవాళ్లు మారాలంటే మూడేళ్లు ఆగాలి. అసోసియేట్ (టెస్టు హోదా లేని) దేశం నుంచి ఫుల్ మెంబర్‌కి వెళ్లేవాళ్లకు ఈ ఆగడం లేదు. అప్పట్లో అసోసియేట్ అయిన ఐర్లాండ్‌కి ఆడుతూ వచ్చిన ఇయాన్ మోర్గాన్ 2009 మేలో నేరుగా ఇంగ్లండ్ వన్డే జట్టులోకి వెళ్లగలిగింది అందుకే. దక్షిణాఫ్రికాకి 2016లో ఆఖరిసారి ఆడిన డేవిడ్ వీజా నమీబియాకి 2021లో కనిపించాడు. అతని తండ్రి పుట్టింది నమీబియాలో.

బాస్కెట్‌బాల్: ఇక్కడ కీలకం పదహారేళ్ల వయసు. ఆ వయసు దాటాక పౌరసత్వం పొందినవాళ్లు జట్టులో ఒక్కరికి మించి ఉండకూడదు. పదహారుకి ముందే హక్కు ఉన్నా, ఆనాటికి పాస్‌పోర్ట్ తీసుకున్నట్టు చూపలేకపోతే ఆ ఒక్క చోటులోకే నెడతారు. తల్లి వైపు ఫిలిప్పీన్స్ మూలాలున్న జోర్డాన్ క్లార్క్‌సన్‌కి జరిగింది ఇదే. పిల్లలకు రెండు దేశాల హక్కు ఉంటే, ఆడతారో లేదో తేలకపోయినా సరే, పదహారో పుట్టినరోజుకి ముందే రెండో పాస్‌పోర్ట్ తీసి పెట్టండి. మొత్తం ఈ వ్యవహారంలో ఇంత చవగ్గా అయ్యే పని మరొకటి లేదు.

అథ్లెటిక్స్: 2017లో మార్పులన్నీ ఆపేసి, 2018 జులైలో కొత్త నిబంధనలు తెచ్చారు. మూడేళ్ల నిరీక్షణ, 20 ఏళ్లు నిండకుండా మారడానికి వీల్లేకపోవడం, ఒక్కసారే మారే అవకాశం, సంబంధం నిజమైనదో కాదో తేల్చే సమీక్షా బృందం: ఇవీ ముఖ్యమైనవి. వీటిలో అందరికన్నా గట్టిగా ప్రశ్నలడిగేది ఆ బృందమే.

టేబుల్ టెన్నిస్‌లో వయసు పెరిగేకొద్దీ నిరీక్షణ పెరుగుతుంది: 15 లోపు మూడేళ్లు, 15-18 మధ్య ఐదు, 18-21 మధ్య ఏడు. చైనా నుంచి వచ్చే ఆటగాళ్ల వరదకు కట్టిన ఆనకట్ట ఇది.

3. ఒలింపిక్స్ లెక్క వేరేగా వేసుకోండి

మీ క్రీడా సంఘం ఒప్పుకున్నంత మాత్రాన ఒలింపిక్స్‌కి వెళ్లలేరు. ఒలింపిక్ చార్టర్ 41వ నిబంధనకు తప్పనిసరిగా పౌరసత్వం కావాలి. ఒలింపిక్స్, ఖండ లేదా ప్రాంతీయ క్రీడలు, ప్రపంచ లేదా ప్రాంతీయ ఛాంపియన్‌షిప్‌లలో పాత దేశానికి ఆడి ఉంటే, ఆఖరిసారి ఆడిన నాటి నుంచి మూడేళ్లు గడవాలి. రెండు దేశాల ఒలింపిక్ కమిటీలూ, క్రీడా సంఘమూ ఒప్పుకుంటే అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ కార్యవర్గం ఈ గడువును తగ్గించవచ్చు, పూర్తిగా ఎత్తేయనూ వచ్చు.

ఈ రెండు లెక్కల మధ్య ఇరుక్కున్నవాడు కెన్యాలో పుట్టిన పరుగువీరుడు విల్సన్ కిప్‌కెటర్. డెన్మార్క్‌లో ఉంటున్నందుకు అప్పటి అథ్లెటిక్స్ నిబంధన అతన్ని అనుమతించింది. 1995లో డెన్మార్క్ తరఫున 800 మీటర్ల ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. పౌరసత్వం ఇంకా రానందున 1996 అట్లాంటా ఒలింపిక్స్‌ను మాత్రం బయట నుంచే చూశాడు. రగ్బీ, క్రికెట్ ఆటగాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి: నివాసం మీద జట్టులోకి వచ్చిన మీరు, పాస్‌పోర్ట్ లేకపోతే ఒలింపిక్ జట్టులో ఉండలేరు.

4. గడియారం ఎప్పుడు మొదలవుతుందో రాతలో అడగండి

"మూడేళ్లు" అని అందరూ అంటారు. ఏ రోజు నుంచి? ఆఖరి మ్యాచ్ నుంచా, దరఖాస్తు పెట్టిన రోజు నుంచా, పాస్‌పోర్ట్ వచ్చిన రోజు నుంచా, కొత్త సంఘంలో పేరు నమోదైన రోజు నుంచా? క్రీడను బట్టి మారుతుంది. ఫోన్‌లో చెప్పింది చెల్లదు. ఈమెయిల్‌లో ఒకే ప్రశ్న పంపండి: "నేను ఆఖరిసారి ఫలానా దేశం తరఫున ఫలానా తేదీన, ఫలానా పోటీలో ఆడాను. కొత్త దేశం తరఫున నేను అర్హుణ్ని అయ్యే మొదటి తేదీ ఏది, ఏ నిబంధన ప్రకారం?" జవాబులో తేదీ, నిబంధన సంఖ్య రెండూ ఉండేదాకా వదలకండి.

తర్వాత ఆ తేదీని పోటీల క్యాలెండర్ పక్కన పెట్టండి. ఆఖరి పోటీ 2025 ఆగస్టు 20న అనుకుందాం. లెక్క ఆఖరి పోటీ నుంచే అయితే మూడేళ్లు 2028 ఆగస్టు 20న నిండుతాయి. లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ 2028 జులై 30న ముగుస్తాయి. అంటే మూడు వారాల తేడాతో నాలుగేళ్లు పోయినట్టే. అదే ఆటగాడు 2025 వేసవిలో ఆ ఒక్క పోటీ మానుకుని ఉంటే కథ వేరు. "పోయే ముందు ఆఖరిసారి ఒక్కటి ఆడి పోదాం" అనే ఆశే ఈ విషయంలో అతి ఖరీదైన తప్పు. మారాలని మనసులో గట్టిగా అనుకున్న రోజు నుంచి పాత దేశం క్యాంప్‌కి పిలిచినా మర్యాదగా వద్దనండి.

5. కాగితాల గొలుసులో ఒక్క లంకె తెగినా కుదరదు

పూర్వీకుల దారిలో వెళ్తున్నారా? మీ జనన ధృవపత్రం, తల్లి లేదా తండ్రిది, తాత లేదా అవ్వది, వీటి మధ్య పేర్లు మారితే వివాహ పత్రాలు, ఇవన్నీ వరుసగా కలవాలి. పెళ్లయ్యాక అవ్వ ఇంటిపేరు మారింది, నాన్న పాస్‌పోర్ట్‌లో పేరు స్పెల్లింగ్ ఒక అక్షరం తేడా: ఇలాంటి చోట్లే ఫైళ్లు నెలలు ఆగుతాయి. తేడా ఉన్న ప్రతి చోటా ఆ ఇద్దరూ ఒక్కరే అని నోటరీ చేయించిన ప్రమాణపత్రం జతచేయండి.

ఏజెంట్ తెచ్చిన నకలును నమ్మొద్దు. తాత పుట్టిన ఊరి రిజిస్ట్రీకి మీరే రాసి, అసలు నమోదు నకలు తెప్పించుకోండి. 2025లో మలేషియా తరఫున దిగిన ఏడుగురు విదేశంలో పుట్టిన ఆటగాళ్లపై ఫిఫా క్రమశిక్షణ కమిటీ 12 నెలల నిషేధం, ఆ దేశ సంఘంపై 3,50,000 స్విస్ ఫ్రాంకుల జరిమానా వేసింది. తాత అవ్వలు మలేషియాలో పుట్టినట్టు సమర్పించిన పత్రాలకూ, ఫిఫా సొంతంగా తెప్పించుకున్న అసలు రికార్డులకూ పొంతన కుదరలేదు. పత్రం ఎవరు తయారుచేసినా, సంతకం మీది కాబట్టి నిషేధం మీకే.

నివాసం దారి అయితే, ఫిఫా లెక్కలో ఏడాదికి కనీసం 183 రోజులు ఆ దేశంలో భౌతికంగా ఉండాలి. సెలవులు, వైద్యం, క్లబ్ ప్రయాణాలు లెక్కను తెంచవు. మరో దేశపు క్లబ్‌కి బదిలీ అయితే మాత్రం తెగిపోతుంది. అందుకే లోన్ మీద (తాత్కాలిక బదిలీపై) ఆరు నెలలు పక్క దేశానికి వెళ్లే ఒప్పందంపై సంతకం పెట్టే ముందు ఆగి ఆలోచించండి. అద్దె ఒప్పందం, పన్ను రిటర్నులు, కరెంటు బిల్లులు, క్లబ్ రిజిస్ట్రేషన్, పాస్‌పోర్ట్‌లో అన్ని ముద్రల పేజీలు నెలవారీగా దాచండి. ముద్రల్ని మార్చడం సంగతి చెప్పనక్కర్లేదు: ఒక ఆటగాడి పాస్‌పోర్ట్ నకలులో తేదీలు దిద్దిన కారణంగా 2023 రగ్బీ ప్రపంచకప్‌లో స్పెయిన్ చోటు పోయి రొమేనియాకి దక్కింది.

6. పాత పాస్‌పోర్ట్ వదిలే ముందు

చైనా, భారత్, సింగపూర్ వంటి దేశాలు పెద్దవాళ్లకు రెండో పౌరసత్వాన్ని ఒప్పుకోవు. కొత్తది తీసుకున్న మరుక్షణం పాతది పోవచ్చు. క్రీడా సంఘం నుంచి అర్హత తేదీ రాతలో రాకముందే పాతది వదిలేస్తే, అటు పాత జట్టూ లేక ఇటు కొత్త జట్టూ రాక రెంటికీ చెడ్డ రేవడి అవుతారు.

ఇందులోనే తలకిందుల ప్రమాదం కూడా ఉంది. కెన్యా పరుగువీరుడు బెర్నార్డ్ లగాట్ 2004 మేలో అమెరికా పౌరుడయ్యాడు. అప్పటి కెన్యా చట్టం ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు. అయినా ఆ ఆగస్టులో ఏథెన్స్‌లో కెన్యా జెర్సీతోనే 1500 మీటర్ల రజతం గెలిచాడు. ఆ సంగతి తర్వాత బయటికి వచ్చి పెద్ద చర్చ అయింది, అమెరికా తరఫున ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో పరుగెత్తడానికి 2007 దాకా ఆగాల్సి వచ్చింది. పౌరసత్వ ప్రమాణం చేసే తేదీ, చివరి పోటీ తేదీ ఏది ముందు ఏది వెనక అన్నది మీ చేతుల్లో ఉన్నప్పుడే సర్దుకోండి.

7. విడుదల లేఖ

గడువు తగ్గాలంటే పాత సంఘం ఒప్పుకోవాలి. లేఖలో "మాకు అభ్యంతరం లేదు" అన్న ఒక్క వాక్యం చాలదు. మీ పేరు, పుట్టిన తేదీ, పాత దేశానికి ఆఖరిసారి ఆడిన పోటీ, తేదీ, ఏ దేశానికి మారుతున్నారో, నిరీక్షణను ఎంత తగ్గించడానికి ఒప్పుకుంటున్నారో, సంతకం పెట్టినవారి హోదా ఉండాలి. ఒలింపిక్స్ కోసమైతే ఇలాంటిదే ఒలింపిక్ కమిటీ నుంచి విడిగా కావాలి. ఫెడరేషన్ లేఖ ఉంది కదా అని దీన్ని మర్చిపోతుంటారు.

ఇవ్వకపోతే? ఇవ్వాలన్న బాధ్యత వాళ్లకు లేదు. స్టీపుల్‌ఛేజ్ (అడ్డంకుల పరుగు) మాజీ ప్రపంచ రికార్డు వీరుడు సైఫ్ సయీద్ షాహీన్ కెన్యా నుంచి ఖతార్‌కి మారాక, కెన్యా మూడేళ్ల గడువును వదులుకోనందున 2004 ఏథెన్స్ పోయింది. జిమ్నాస్ట్ కైలియా నెమూర్ విషయంలో ఫ్రాన్స్ సంఘం మొదట ససేమిరా అని, 2023లో దిగొచ్చింది. ఆమె 2024 పారిస్‌లో అల్జీరియాకి అన్‌ఈవెన్ బార్స్ స్వర్ణం తెచ్చింది. డబ్బుతో తీరిన సందర్భాలూ ఉన్నాయి: వెయిట్‌లిఫ్టర్ నయీమ్ సులేమానోగ్లూ 1988 సియోల్ ఒలింపిక్స్‌లో ఆడేందుకు టర్కీ బల్గేరియాకి పది లక్షల డాలర్లకు పైగా చెల్లించింది. మీకంత దన్ను లేకపోతే గొడవపడి బయటికి రాకండి. శిక్షణ ఖర్చు బాకీలు, స్పాన్సర్ ఒప్పందాలు తేల్చుకుని, సీజన్ ముగిశాక, ఫెడరేషన్ ఎన్నికల హడావిడి లేని సమయంలో అడగండి. సంతకం పెట్టాల్సిన మనిషి ఎవరో ముందే తెలుసుకోండి.

8. దరఖాస్తు, తర్వాత మౌనం

దరఖాస్తు పెట్టేది మీరు కాదు, కొత్త దేశపు ఫెడరేషన్. మీరు రాసి ఇవ్వాల్సింది ఒక వివరణ: ఆ దేశంతో మీ సంబంధమేమిటి, ఎప్పటి నుంచి అక్కడ ఉంటున్నారు, ఎందుకు మారుతున్నారు. రెండు పేజీలు దాటనివ్వకండి. దేశభక్తి వాక్యాలు ఎవరూ చదవరు. స్కూలు, ఇల్లు, కుటుంబం, కోచ్ గురించి తేదీలతో చెప్పండి. డబ్బు ఒప్పందం ఉంటే దాచకండి, వాళ్లు అడుగుతారు.

ఫుట్‌బాల్‌లో దరఖాస్తు వేసిన క్షణం నుంచి తీర్పు వచ్చేదాకా మీరు ఏ దేశానికీ ఆడలేరు. కాబట్టి కీలకమైన మ్యాచ్‌కి వారం ముందు వేసి ఆశపడొద్దు.

నిరీక్షణ మూడేళ్లలో క్లబ్‌కి ఆడవచ్చు, చాలా క్రీడల్లో వ్యక్తిగత మీట్‌లలో పాల్గొనవచ్చు. క్యూబాలో పుట్టిన జోర్డాన్ డియాజ్ 2022లో స్పెయిన్ పౌరసత్వం వచ్చినా, ఆ జెర్సీ వేసుకోవడానికి 2024 దాకా ఆగి, పారిస్‌లో ట్రిపుల్ జంప్ స్వర్ణం గెలిచాడు. రజతం పోర్చుగల్‌కి, కాంస్యం ఇటలీకి తెచ్చినవాళ్లూ క్యూబాలో పుట్టినవాళ్లే.

ఈ కాలంలో ఒక చిన్న విషయం పెద్ద దెబ్బ కొడుతుంది. ఎలాగూ ఆడట్లేదని డోపింగ్ పరీక్షల జాబితా నుంచి తప్పుకోవడానికి రిటైర్మెంట్ లేఖ ఇవ్వకండి. ఒకసారి ఇస్తే, తిరిగి పోటీకి రావడానికి ఆరు నెలల ముందే పరీక్షలకు అందుబాటులోకి రావాలి. ఇల్లు మారితే ఆ రోజే వేర్‌అబౌట్స్‌లో (డోపింగ్ పరీక్షల కోసం మీరు ఎక్కడుంటారో ఇచ్చే వివరాల్లో) మార్చండి. 12 నెలల్లో మూడు తప్పిదాలైతే అదే ఉల్లంఘన. పాత దేశపు యాంటీ-డోపింగ్ సంస్థ నుంచి కొత్తదానికి ఫైలు చేరిందో లేదో, మీ మందుల మినహాయింపు (జబ్బు కోసం నిషేధిత మందు వాడుకునే అనుమతి) అక్కడ చెల్లుతుందో లేదో మీరే ఫోన్ చేసి కనుక్కోండి.

తిరస్కరిస్తే

నిర్ణయం చేతికందిన తేదీని వెంటనే రాసుకోండి. లొసాన్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి అప్పీలు గడువు, ఆ సంఘం నియమావళిలో వేరే చెప్పకపోతే, 21 రోజులు. మొదట అప్పీలు ప్రకటన, 1,000 స్విస్ ఫ్రాంకుల రుసుము. ఆ గడువు ముగిసిన పది రోజుల్లో పూర్తి వాదన, సాక్ష్యాలు. ఆఖరి రోజున కొరియర్ ఇవ్వాల్సిన పరిస్థితి తెచ్చుకోకండి, సాక్ష్యాల అనువాదాలకే రెండు వారాలు పడతాయి. అయితే కేసు వేసే ముందు మొదటి షీట్ మళ్లీ తీసి చూడండి. తిరస్కరణ కాగితం లోపం మీద వచ్చిందా, తేదీ మీద వచ్చిందా? కాగితం లోపమైతే సరిదిద్ది మళ్లీ దరఖాస్తు పెట్టడం చవక, వేగం. తేదీ మీద వచ్చి, మిగిలింది పది నెలలే అయితే, ఆ పది నెలలూ శిక్షణలో గడపడమే మేలు. తీర్పు వచ్చేలోపు అవి ఎలాగూ గడిచిపోతాయి.